మూడుసార్లు వద్దనాలి

మా అంతఃపురంలో అసూయ లేదు! ఉండకూడదని శాసనం ఉంది కనుక లేదు. పడమటి ద్వారం పక్కన నిలువెత్తు రాతిమీద చెక్కించి, అక్షరాలకు బంగారుపూత పూయించి మరీ చెప్పారు. నూట ఇరవై మంది ఆడవాళ్ళం, ఒక్కడే మగడు, అసూయ మాత్రం ఆవగింజంత కూడా లేదు. ఇలాంటి సంసారం భూమ్మీద ఇంకొకటి ఉంటే చూపించండి!

ఉత్తినే శాసనం వేసి ఊరుకుంటే ఎవరు వింటారు? అందుకని వెన్ గారిని పెట్టారు. ఎర్రసిరా, సన్నకుంచె పట్టుకుని ఆవిడ ప్రతి విందులోనూ ఒక మూల కూర్చుంటుంది. ఎవరు ఏమన్నారు, ఎవరు ఎంత వెడల్పున నవ్వారు అన్నీ రాస్తుంది. "ఫలానా రాణిగారి చిరునవ్వు తృప్తికరం." "ఫలానా అమ్మగారి కన్నీరు సకాలంలో వచ్చినది." ఎవరిమీదైనా చెడ్డమాట పడిందా, ఆ నెల కుంపట్లోకి బొగ్గులు ఆపేస్తారు. మాఘమాసపు చలిలో బొగ్గులు ఆగితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం కాబట్టి మేమందరం ఒకరినొకరం ప్రాణంలా ప్రేమించుకుంటాం.

ప్రేమ తర్వాత ముఖ్యమైనది వినయం. మాలో ఎవరికి ఏది ఇచ్చినా మూడుసార్లు వద్దనాలి. మొదటిసారి ఆశ్చర్యంతో వద్దనాలి, రెండోసారి సిగ్గుతో వద్దనాలి, మూడోసారి కళ్ళనీళ్ళతో వద్దనాలి. నాలుగోసారి బలవంతపెడితే అప్పుడు, ఇక వేరే దారిలేనట్టుగా, పుచ్చుకోవాలి. పట్టుచీరైనా అంతే, పదవైనా అంతే. పోయిన శీతాకాలంలో మా వరండాలో ఉండే ముసలమ్మగారికి జ్వరమొచ్చింది. వైద్యుడు కషాయం తెచ్చాడు. ఆవిడ పద్ధతిగా "వద్దు నాయనా, నాకెందుకు" అంది. మళ్ళీ అంది. ఆ వైద్యుడేమో పల్లెనుంచి కొత్తగా వచ్చినవాడు. రెండోసారికే "సరేనమ్మా, మీ ఇష్టం" అని గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు! పాపం ఆవిడ వారం రోజులు మూలిగింది. దస్త్రంలో మాత్రం ఆవిడ వినయం ప్రశంసనీయమని రాశారు.

ఇక నా సంగతి. లోయాంగ్ నగరపు దక్షిణ అంగడిలో టోఫూ అనే సోయాజున్ను అమ్ముకునే ఆయన కూతుర్ని. మా లిపిలో వేలకొద్దీ ఉన్న అక్షరాల్లో నాలుగువందలు నేర్చుకున్నాను. ఐదో వందలో ఉండగా మా నాన్నకు తట్ట మొయ్యడానికి మనిషి కావలసి వచ్చి చదువు మాన్పించాడు. అంతఃపురంలో నాది ఆరో తరగతి. అంటే ఏలినవారు నా వాకిట్లోంచి నడిచి వెడితే నేను నేలకు నుదురు ఆనించి ఉంటాను కనుక ఆయన చెప్పులు మాత్రం బాగా తెలుసు. అయినా దేవుడి దయవల్ల ఒక కొడుకు పుట్టాడు. పెద్దపేరు ఇంకా పెట్టలేదు. నేను దౌదౌ అని పిలుచుకుంటాను. మా అంగడి భాషలో చిక్కుడుగింజ అని అర్థం. గొప్ప పేరు పెడితే గొప్పవాళ్ళ కళ్ళు పడతాయని భయం.

భయం ఎందుకంటే, మా నిబంధన అలాంటిది. మూడో తరగతికి కింద ఉన్న తల్లి బిడ్డను ఏడాది వరకే పెంచుకోవాలి. ఏడాది నిండిన రోజున చాపమీద పన్నెండు వస్తువులు పరుస్తారు. బిడ్డను వాటి మధ్య వదులుతారు. ఏది పట్టుకుంటే అదే వాడి భవిష్యత్తు. రాజముద్రో పుస్తకమో పట్టుకుంటే "భాగ్యవంతుడు" అని పెద్దరాణుల్లో ఒకరికి అప్పగిస్తారు. బొట్టుపెట్టో రొట్టెముక్కో పట్టుకుంటే "మామూలువాడు" అని తల్లి ఒళ్ళోనే ఏడేళ్ళ దాకా వదిలేస్తారు. లోకంలో తల్లులందరూ కొడుకు భాగ్యవంతుడు కావాలని మొక్కుతారు. నేను మాత్రం, తండ్రీ, వీడు మామూలువాడు అయ్యేలా చూడు అని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని!

వాడు నిద్రపోతుంటే రోజుకు నలభైసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. తుమ్మితే గుండె ఆగేది. తుమ్మకపోతే, ఇవాళ ఎందుకు తుమ్మలేదా అని ఆగేది. అలాంటి నేను వాణ్ణి ఇంకొకరి చేతిలో పెట్టి వచ్చి ఎలా బతుకుతాను?

దణ్ణం ఒక్కటే చాలదని, రెండు నెలల ముందునుంచే వాడికి చదువు మొదలుపెట్టాను. చాపమీద చెక్కముక్క, పాత కుంచె, ఆవిరి రొట్టె పెట్టేదాన్ని. వాడు రొట్టె పట్టుకున్నాడా, ముద్దులు, చప్పట్లు, రొట్టె తినిపించడం. వేరేది ముట్టుకున్నాడా, మొహం మాడ్చుకోవడం. నా కొడుకు నా అంత మొద్దు కాదు. పదిరోజుల్లోనే నేర్చేసుకున్నాడు. పది పన్నెండు పాఠాలు, పది పన్నెండు రొట్టెముక్కలు, రోజూ!

"అమ్మణ్ణీ, పిల్లాడు గుండ్రంగా అయిపోతున్నాడు" అంది మా దాది లియాన్. మా అంగడి మనిషే. నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఈ అంతఃపురంలో గోడలకు చెవులుంటాయో లేదో కాని లియాన్‌కు నాలుగు ఉన్నాయి.

"కానీ. గుండ్రంగా నా దగ్గరే ఉంటాడు."

"అదే చెప్పొచ్చాను. సుగుణరాణిగారు ఉయ్యాల చేయిస్తున్నారు. ఎర్రలక్క, బంగారు చేపలు."

"ఎవరికట?"

"పిల్లికట!"

"ఆవిడకు పిల్లి లేదుగా?"

"తెప్పిస్తారట. పట్టపురాణిగారేమో తూర్పుగది కడిగించి మంచం వేయించారు. అతిథుల కోసమని చెప్పారు. నేను కొలిచి వచ్చాను. మంచం మూరన్నర ఉంది. ఆ అతిథి ఎవరో మరి!"

ఇద్దరికీ పిల్లల్లేరు. ఇద్దరికీ పిల్లలంటే ఆసక్తి లేదు కూడా. ఆ సంగతి స్వయంగా వచ్చి చెప్పారు! మొదట పట్టపురాణిగారు పులిముఖపు బుల్లి చెప్పులు పట్టుకుని వచ్చారు.

"నాకు పిల్లల గోల పడదమ్మా. తల పగిలిపోతుంది" అన్నారు. అలా అంటూనే వాడి నోట్లో వేలు పెట్టి పళ్ళు లెక్కపెట్టారు. "ఐదు. ఆరోది వస్తోంది. వేపుళ్ళు పెట్టకు. రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తాడు? ఊరికే అడిగాను. నాకెందుకూ!"

మర్నాడు సుగుణరాణిగారు వచ్చారు. రాజమాత ఆవిడ గుణానికి మెచ్చి ఇచ్చిన బిరుదు అది. అందుకని ఆవిడ అరిచినా సుగుణంగానే అరవాలి.

"నడుం లాగేస్తోందే చెల్లీ, పూలకుండీ కూడా ఎత్తలేకపోతున్నా" అన్నారు. "ఏదీ, ఒక్కసారి ఇలా ఇవ్వు." ఆ ఒక్కసారి మధ్యాహ్నం భోజనం దాకా సాగింది! వాడు ఆవిడ పట్టుకొంగు మీద తడిపేస్తే, "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో" అన్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆవిడ చెడ్డది కాదు. అదే నా భయం. చెడ్డదైతే వాడు ఏడ్చి తిరిగి వచ్చేవాడు.

ఆ రోజు రానే వచ్చింది. రాజమాత మందిరంలో వేడుక. రాజమాత అంటే ఏలినవారి తల్లి, మా నూట ఇరవై మందికీ అత్తగారు. డెబ్బై దాటాయి. ఆవిడకు లోకంలో ఉన్న కష్టం ఒక్కటే, మూడేళ్ళ కిందట వైద్యులు తీపి మాన్పించారు. ఏలినవారు మంచు కురవాలని యాగానికి వెళ్ళారు కనుక అన్నీ ఆవిడే జరిపిస్తున్నారు. అరవై మంది అమ్మగార్లు వరసల్లో కూర్చున్నారు. మూల వెన్ గారు, ఎర్రసిరా. మధ్యలో మర్యాదల కచేరీ పెద్ద గావ్ గారు చాప సవరిస్తున్నారు. పక్కగదిలో పుట్టినరోజు నూడుల్సు పొగలు కక్కుతున్నాయి. ఆయుష్షు తగ్గుతుందని వాటిని తుంచకూడదు, చల్లారనివ్వకూడదు.

నేను చివరి వరసలో ఉన్నాను. తల్లి పిలవకూడదు, సైగ చెయ్యకూడదు, దగ్గకూడదు. మూడూ రాతపూర్వకంగా ఇచ్చారు.

దౌదౌను చాపమీద దించారు. వాడు చుట్టూ చూశాడు. విల్లు, పుస్తకం, కుంచె, వేణువు, పచ్చరాతి ముద్ర, బొట్టుపెట్టె, అన్నిటికంటే దగ్గరగా నా రొట్టె. తెల్లగా, మెత్తగా, నా ప్రాణంలా కూర్చుంది. వాడు గబగబా పాకాడు. సరిగ్గా రొట్టె దగ్గరికే! నా గుండెలో డోళ్ళు మోగాయి.

వాడు రొట్టెను చూశాడు. రెండు నెలలుగా రోజూ పన్నెండు ముక్కలు తిన్నవాడు ఎలా చూడాలో అలా చూశాడు! మొహం వికారంగా పెట్టాడు. అరచేత్తో ఒక్క తోపు తోశాడు. రొట్టె దొర్లుకుంటూ వెళ్ళి పట్టపురాణిగారి చెప్పు దగ్గర ఆగింది.

అయ్యో, నా చేతులతో నేనే చేసుకున్నానే!

ఇక వాడు తల ఎత్తి గాలి వాసన చూశాడు. ముక్కు ముద్ర వైపు తిరిగింది. పాకాడు. వంగాడు. ముద్రను నాకాడు. మొహం వెలిగిపోయింది! రెండు చేతులా పట్టుకున్నాడు.

"ముద్ర! చిన్నదొరగారు ముద్ర పట్టుకున్నారు!" అని గావ్ గారు కేక పెట్టారు. అరవై తలలు వంగాయి. ఇప్పుడు పద్ధతి ప్రకారం ముద్రను మెల్లగా తీసుకుని పీటమీద పెట్టాలి. గావ్ గారు లాగారు. రాలేదు. ఇంకొకాయన వచ్చి లాగాడు. ముద్రతోపాటు దౌదౌ గాల్లోకి లేచాడు! వాడు గుక్కపట్టి ఏడుపు.

"ముద్ర వారిని వదలడం లేదు!" గావ్ గారు నేలకు వంగి దణ్ణం పెట్టారు. "అరవై ఏళ్ళ దస్త్రాల్లో ఇంత గొప్ప శకునం నమోదు కాలేదు!"

శకునం నుంచి బంగారురంగు తీగ ఒకటి సాగి చాపమీదికి కారుతోంది. తేనె! చూరులో గూడు కట్టుకున్న పిచ్చుకకు కూడా తెలుస్తోంది అది తేనె అని. తర్వాత లియాన్ చెప్పింది. తెల్లవారగానే పట్టపురాణిగారి మనిషి వచ్చి ముద్రకు ఒక పూత పూసి వెళ్ళిందట. కాసేపటికి సుగుణరాణిగారి మనిషి వచ్చి, కంగారులో చూసుకోకుండా, దానిమీద ఇంకో పూత పూసిందట. ఒక్క పూతైతే నాకి వదిలేసేవాడు. రెండు పూతలకు బంకలా పట్టేసింది.

"ఆ మెరుపు చూశారా! దివ్యకాంతి" అన్నారు పట్టపురాణిగారు.

"అమృతబిందువులు" అన్నారు సుగుణరాణిగారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు అర్థమైంది ఇద్దరికీ, పూతలు రెండని. ఇద్దరి చిరునవ్వులూ మరో అంగుళం వెడల్పయ్యాయి. వెన్ గారు రాసుకున్నారు.

"తెండి వాణ్ణి ఇలా" అన్నారు రాజమాత. ఒళ్ళో కూర్చోబెట్టుకుని శకునాన్ని వేలితో పరీక్షించారు. ఆ వేలు నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"ఊఁ. శకునం బాగుంది." ఇంకో వేలు పెట్టారు. "చాలా బాగుంది."

నాలుగు వేళ్ళు పరీక్షించాక, పక్కగది వైపు చూశారు. "నూడుల్సు చల్లారిపోతున్నాయి. వీణ్ణి ఎవరు పెంచుతారో తొందరగా తేల్చండి. ఏం పట్టపురాణీ, నువ్వు తీసుకుంటావా?"

"నేనా?" పట్టపురాణిగారు ఆశ్చర్యపోయారు. పద్ధతిగా. "నాకంత యోగ్యత ఎక్కడిదండీ! సుగుణ చెల్లి ఉండగా!"

"నేనా?" సుగుణరాణిగారు ఇంకా ఎక్కువ ఆశ్చర్యపోయారు. "అయ్యో అక్కయ్యా, పెద్దవారు మీరుండగా నేను చెయ్యి చాపుతానా!"

ఒకటి.

"నాకు తలనొప్పి, తెలుసుగా చెల్లీ. వాడు నీ దగ్గర ఉంటేనే అందం."

"నాకు నడుంనొప్పి అక్కయ్యా. మీరు ఎత్తుకుంటేనే వాడికి కళ."

రెండు.

"నీ ఒళ్ళో పెరిగితేనే వాడికి నాలుగు మంచిగుణాలు వస్తాయి." పట్టపురాణిగారి కంట్లో నీరు. సకాలంలో.

"మీ నీడలో పెరిగితేనే వాడు మనిషవుతాడు." సుగుణరాణిగారి రెండు కళ్ళలోనూ నీరు.

మూడు. వెన్ గారు మూడో గీత గీశారు.

ఇక మిగిలింది నాలుగోసారి. బతిమాలడమూ, వేరే దారిలేక పుచ్చుకోవడమూ. మందిరం ఎదురుచూసింది. పట్టపురాణిగారు సుగుణరాణిగారి వైపు చూశారు, బతిమాలమ్మా అన్నట్టు. సుగుణరాణిగారు పట్టపురాణిగారి వైపు చూశారు, ముందు మీరు బతిమాలండి అన్నట్టు. ఎవరు నోరు తెరిచి నాలుగోసారి "మీరే తీసుకోండి" అంటే, అవతలివాళ్ళు చటుక్కున పుచ్చుకుంటారు! బతిమాలకుండా తనంతట తను "సరే నేనే తీసుకుంటా" అంటే దురాశ అని దస్త్రంలోకి ఎక్కుతుంది. ఇద్దరి నోళ్ళూ మూసుకుపోయాయి. ఒకరు దూలం వైపు, ఒకరు చాప అంచు వైపు చూస్తూ కూర్చున్నారు. కళ్ళనీళ్ళు బుగ్గలమీదే ఆరిపోతున్నాయి.

"ఏమిటీ ఆలస్యం?" అన్నారు రాజమాత.

గావ్ గారు దగ్గారు. "ఆనవాయితీ ప్రకారం నాలుగోసారి బతిమాలాలండి."

"ఎవరు?"

"అవతలివారు, తల్లీ."

"అవతలివారంటే ఎవరయ్యా?"

గావ్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "అదే… తెలియరాకున్నదండి. ఈ విషయమై పూర్వపు దస్త్రాలు పరిశీలించి తగు నివేదిక…"

"నూడుల్సు ఆరిపోయాక తెస్తావా నివేదిక! మూడేసిసార్లు వద్దన్నారు. ఇక వాళ్ళను బతిమాలితే వాళ్ళ మాట అబద్ధమన్నట్టు అవుతుంది. నా కోడళ్ళు అబద్ధమాడరు."

"ఆడరండీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి. వేరే ఏమనగలరు?

"పెద్దరాణులే వద్దన్నాక ఇక నిబంధన ఏముంది? వీడి తల్లి ఎవరు?"

చివరి వరసలోంచి ముందుకు పాకాను, దౌదౌ లాగే.

"నువ్వు పెంచుతావా అమ్మాయ్?"

మొదటి "వద్దు" నాలుక మీదికి వచ్చేసింది. ఆశ్చర్యపు "వద్దు". మూడేళ్ళుగా రోజూ అంటున్న మాట, దానంతట అదే వస్తుంది. అంతలో వైద్యుడు గిన్నె పట్టుకుని వెళ్ళిపోవడం కళ్ళముందు కనిపించింది. రాజమాతకు ఆకలేస్తోంది. నాలుగోసారి దాకా ఆగుతారని ఎవరు చెప్పారు? అటూ ఇటూ ఇద్దరు రాణులూ ముందుకు ఒరిగి ఉన్నారు. నేను ఒక్కసారి వద్దంటే చాలు, "పాపం తల్లికే ఇష్టం లేదు" అని ఎగరేసుకుపోవడానికి. దౌదౌ నన్ను చూసి ఏడుపు ఆపాడు. తేనె కారుతున్న రెండు చేతులూ, మధ్యలో సామ్రాజ్యపు ముద్రా నా వైపు చాపాడు.

"పెంచుతానండీ!" అన్నాను.

చేతిరుమాళ్ళు కింద పడ్డాయి. వెన్ గారి కుంచె గాల్లో ఆగింది. దాని కొసనుంచి ఎర్రచుక్క ఒకటి టప్పున దస్త్రం మీద రాలింది. ఆ మందిరంలో ఒక మనిషి తనకు కావలసింది కావాలని చెప్పడం అరవై ఏళ్ళలో అదే మొదలేమో!

"మొదటిసారికే!" సుగుణరాణిగారు లేచి నిలబడ్డారు. నడుంనొప్పి ఎక్కడికి పోయిందో!

"అడిగీ అడగ్గానే! ఎంత ఆశ, ఎంత ఆశ!" పట్టపురాణిగారి గొంతుకు దూలం అదిరింది. తలనొప్పి మనిషి గొంతు కాదది.

రాజమాత ఐదో వేలు నోట్లోంచి తీశారు. "ఏమిటర్రా గోల?"

"ఈవిడ వద్దనలేదండీ! ఒక్కసారి కూడా వద్దనలేదు!"

"మీ చెవులకేమొచ్చింది?" అన్నారు రాజమాత. "మూడుసార్లు వద్దంది. నాలుగోసారి నేను బతిమాలితే ఒప్పుకుంది. నేను విన్నానుగా. గావ్, నువ్వు వినలేదూ?"

గావ్ గారు ముగ్గురు ఏలినవారి కింద పనిచేసిన మనిషి. వినికిడి బాగా ఉంటేనే అన్నాళ్ళు పనిచెయ్యగలరు.

"విన్నాను తల్లీ, స్పష్టంగా. మూడోసారి గొంతు పూడుకుపోయింది, పాపం."

"వెన్?"

వెన్ గారు ఎర్రచుక్క పక్కనే చకచకా రాసేశారు. "రాశానండి. కన్నీరు సమృద్ధిగా ఉన్నది అని కూడా రాశాను."

"పట్టపురాణీ, నువ్వు?"

పట్టపురాణిగారు ముఖం సర్దుకున్నారు. వినలేదంటే అత్తగారు అబద్ధమాడినట్టు. అది అసూయకంటే పెద్ద నేరం, దానికి బొగ్గులు ఏడాది ఆపుతారు. "విన్నానండీ… రెండోసారి కాస్త మెల్లిగా అంది. అందుకని…"

"సుగుణా?"

"నాకు కన్నీళ్ళు ఆగలేదండీ, ఆ మూడోసారి అన్నప్పుడు" అన్నారు సుగుణరాణిగారు. ఈసారి ఆవిడ కన్నీళ్ళు నిజమైనవే. దౌదౌ చేతిని చూస్తూ తుడుచుకున్నారు. ఆ క్షణం నాకు ఆవిడ మీద జాలేసింది. అయినా కొడుకును మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

తర్వాత వరసలవారీగా అందరినీ అడిగారు. అరవై మందీ విన్నారట! ఒకావిడ నా మొదటి "వద్దు"ను ఎంత మధురంగా అన్నానో అనుకరించి కూడా చూపించింది. మందిరమంతా మెచ్చుకుంది. వినందల్లా నేనొక్కదాన్నే.

చివరికి రాజమాత నా వైపు తిరిగారు. కళ్ళలో ఏదో నవ్వు, మూతిమీద ఏదో మెరుపు. "ఏమ్మా, నువ్వేమంటావు? మూడుసార్లు వద్దన్నావా లేదా?"

దౌదౌ తేనె చేతులతో నా జుట్టు పట్టుకున్నాడు. ముద్ర చల్లగా నా చెవికి తగిలింది.

"వద్దన్నానండీ" అన్నాను, నేలచూపులు చూస్తూ. "మీరంతగా బలవంతపెట్టబట్టి గాని…"

గావ్ గారు తృప్తిగా తల ఊపారు. "మూడేళ్ళకు ఈ అమ్మాయికి మర్యాద పట్టుబడింది!" అన్నారు.